ముత్తాత ఎక్కిన ఓడ ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

1834 నుంచి 1920 వరకు ఒప్పంద కూలీలుగా, అంటే ఇన్నేళ్లు పనిచేస్తామని ఒప్పందం రాసి, సముద్రం దాటి చెరకు తోటలకు వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఎక్కువమంది విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్లు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు మారిషస్‌లో, దక్షిణాఫ్రికాలో, ఫిజీలో ఉన్నారు. ఇక్కడే ఉండిపోయిన అన్నదమ్ముల సంతానం మన ఊళ్లలోనే ఉంది. అటువాళ్లూ ఇటువాళ్లూ అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి వాటిని ఒక్కచోట చేర్చాను. బర్మా, మలయా వెళ్లినవాళ్ల సంగతి వేరు. దానికి కింద విడిగా జవాబు ఉంది.

ఓడ పేరు పట్టుకుని వెతకడం మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చు గానీ ఎక్కువ దూరం పోలేరు. ఒక్కో ఓడలో వందలమంది ఎక్కారు. పైగా ఇంట్లో చెప్పుకునే ఓడ పేరు సగం సార్లు తప్పు. ముందు వెతకాల్సింది మనిషి నెంబర్.

దిగిన ప్రతి కూలీకి ఆ దేశపు ప్రభుత్వం ఒక నెంబర్ ఇచ్చింది. నటాల్‌లో, అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు ఉన్న ప్రాంతంలో, దాన్ని కలోనియల్ నెంబర్ అన్నారు, మారిషస్‌లో ఇమ్మిగ్రెంట్ నెంబర్. ఫిజీకైతే ఎమిగ్రేషన్ పాస్ నెంబర్. పేరు ఎన్ని రకాలుగా రాసినా నెంబర్ మారలేదు. పెళ్లి నమోదైనా, బిడ్డ పుట్టినా, ఆస్పత్రిలో చేరినా, జైలుకెళ్లినా, చనిపోయినా అదే నెంబర్ రాశారు. మనుషుల్ని అంకెలుగా చూసిన పద్ధతి అది. కానీ ఈ రోజు మనవాళ్లని కనుక్కోవడానికి అంతకంటే గట్టి ఆధారం లేదు. నెంబర్ దొరికితే ఓడ పేరు, దిగిన తేదీ రిజిస్టర్‌లో అదే వరుసలో ఉంటాయి.

ఇంట్లో కాగితాలేమీ లేవు. నెంబర్ ఎలా దొరుకుతుంది?

బతికున్నవాళ్ల నుంచి వెనక్కి రండి. తాతగారి మరణ ధ్రువపత్రం, తర్వాత ఆయన పెళ్లి కాగితం, తర్వాత ఆయన పుట్టుక నమోదు, ఇలా ఒక్కో తరం వెనక్కి. ఒప్పంద కూలీల పిల్లల పుట్టుక నమోదులో తల్లిదండ్రుల నెంబర్లు తరచుగా ఉంటాయి. అక్కడ ఆగండి, మీకు కావలసింది దొరికినట్టే.

దక్షిణాఫ్రికా కుటుంబాలకు ఇంకో మంచి దారి ఉంది. ఎవరైనా చనిపోయాక ఆస్తి పంపకం కోసం మాస్టర్ ఆఫ్ ది సుప్రీం కోర్ట్ దగ్గర తెరిచిన ఫైలు. అందులో డెత్ నోటీసు అనే ఫారం ఉంటుంది: చనిపోయినవాళ్ల తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, భార్య, పిల్లలు అందరి పేర్లూ ఒకే కాగితం మీద. నటాల్ ఫైళ్లలో చాలావాటిని ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఇంట్లో అసలు ఏమీ లేదంటే ఒకసారి దేవుడి గదిలోనూ, పాత ట్రంకు పెట్టెలోనూ చూడమంటాను. ఒప్పందం పూర్తయినవాళ్లకు ఇచ్చిన విడుదల కాగితాన్ని చాలామంది పారేయకుండా దాచుకున్నారు. పోలీసులు ఆపితే చూపించాల్సింది అదే కదా.

ఏ దేశం వెళ్లాడో కూడా తెలీదు. "ఓడెక్కి పోయాడు" అంటారంతే.

ఇది ఎక్కువగా మన ఊళ్ల నుంచి వచ్చే ప్రశ్న. కాలం తెలిస్తే దేశాన్ని చాలావరకు పట్టుకోవచ్చు.

1860కి ముందు వెళ్లి ఉంటే మారిషస్ కావడానికే ఎక్కువ అవకాశం. ఇంకా ముందు, 1820ల చివర్లో, ఫ్రెంచివాళ్లు యానాం నుంచి ఇప్పటి రీయూనియన్ దీవికి, అంటే అప్పటి బూర్బోన్‌కి, కొద్దిమంది తెలుగు కూలీలను తీసుకెళ్లారు. 1860 నుంచి 1866 దాకా, మళ్లీ 1874 నుంచి 1911 దాకా నటాల్. మధ్యలో ఎనిమిదేళ్లు నటాల్‌కు కూలీల ఓడలు ఆగిపోయాయి. కాబట్టి ఎవరైనా "1870లో డర్బన్ వెళ్లాడు" అంటే తేదీలో తేడా ఉందనుకోండి. 1903 నుంచి 1916 మధ్య మద్రాసులో ఎక్కినవాళ్లలో ఫిజీ వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఇక శ్రీకాకుళం, విశాఖ, గోదావరి పల్లెల్లో "రంగం వెళ్లాడు" అని చెబుతుంటే అది రంగూన్. నటాల్ జాబితాలు వెతికి లాభం లేదు. "వెళ్లాడు, డబ్బు పంపాడు, రెండేళ్లకోసారి వచ్చేవాడు" అన్నా అది బర్మానే. ఒప్పందం మీద వెళ్లినవాడు అలా వస్తూ పోతూ ఉండే వీల్లేదు.

మారిషస్ రికార్డులు ఎక్కడున్నాయి?

మారిషస్‌లో మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని పోర్ట్ లూయీలో దింపింది. అప్పటి నుంచి మారిషస్ వచ్చిన సుమారు నాలుగున్నర లక్షలమంది రిజిస్టర్లు ఆ సంస్థ దగ్గర ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఊరు, ఓడ, ఏ తోటకు పంపారు అన్నవి రాసి ఉంటాయి. తొలి రోజుల రిజిస్టర్లలో కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి, తర్వాత్తర్వాత నిండుతాయి. 1860ల నుంచి కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. ముత్తాత ముఖం చూసే అదృష్టం ఒప్పంద కూలీల సంతానంలో ఎక్కువగా మారిషస్ వాళ్లకే దక్కింది. వారసులు తమ సంబంధం చూపిస్తే ఆ సంస్థ రికార్డు నకలు ఇస్తుంది.

కూలీలు దిగి మెట్లెక్కిన చోటు, పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. అక్కడికి వెళ్లి చూడండి, తప్పకుండా. కానీ పేరు వెతకడానికి వెళ్లాల్సింది మోకాకే.

మారిషస్ తెలుగువాళ్లను కొరంగీలు అనేవారు. కోరింగా ప్యాకెట్ అనే ఓడ 1840లలో తమ పెద్దల్ని తెచ్చిందని అక్కడి కుటుంబాలు చెప్పుకుంటాయి. అది సముదాయం మొత్తానికి చెందిన జ్ఞాపకం. మీ ముత్తాత కూడా అదే ఓడలో వచ్చాడని రిజిస్టర్ చూడకుండా రాసేయొద్దు. వంశవృక్షాల్లో ఈ పొరపాటు విపరీతం.

దక్షిణాఫ్రికా ఓడల జాబితాల్లో ఏముంటుంది?

నటాల్ జాబితాలు అన్నిటికంటే సౌకర్యం. మొదటి ఓడ ట్రూరో, 1860 అక్టోబర్‌లో మద్రాసు వదిలి నవంబర్ 16న డర్బన్ చేరింది. అందులో 340 మందికి పైగా ఉన్నారు. పది రోజులకు బెల్వెడేర్ కలకత్తా నుంచి వచ్చింది. చివరి ఓడ ఉమ్లాజీ 1911 జులైలో చేరింది. ఈ యాభై ఏళ్లలో 384 ప్రయాణాల్లో 1,52,184 మంది దిగారు. మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి వచ్చినవాళ్లే.

అసలు జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పరిశోధకులు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి డేటాబేస్‌గా చేశారు. ఒక్కో వరుసలో కలోనియల్ నెంబర్, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఓడ, దిగిన తేదీ, పనిలో పెట్టుకున్న యజమాని ఉంటారు. చనిపోయినా, ఇండియా తిరిగొచ్చినా కొన్నిచోట్ల చివర్లో రాశారు.

ఓడ పేరు పక్కన అంకె ఉంటుంది, దాన్ని వదిలేయకండి. ఉమ్లాజీ, ఉమ్‌జింటో, ఉమ్‌ఫులి, ఉమ్‌వోటి లాంటి ఆవిరి ఓడలు మళ్లీ మళ్లీ తిరిగాయి. "ఉమ్లాజీ 21" అంటే ఆ ఓడ ఇరవై ఒకటో ప్రయాణం అని. అంకె లేకుండా "మా తాత ఉమ్లాజీలో వచ్చాడు" అంటే అది పదుల ప్రయాణాల్లో ఏదైనా కావచ్చు.

ఒక హెచ్చరిక. ఛార్జీ పెట్టుకుని సొంతంగా వచ్చిన వ్యాపారులు, గుమాస్తాలు ఈ జాబితాల్లో ఉండరు.

ఫిజీ సంగతి?

ఫిజీకి మొదటి ఓడ లియోనిడాస్, 1879 మే 14న చేరింది. చివరిది సట్లెజ్, 1916 నవంబర్‌లో. మొత్తం 87 ప్రయాణాలు, అరవై వేలమందికి పైగా. మనకు కావలసింది 1903 తర్వాతి భాగం. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు మొదలైంది అప్పుడే, ఎల్బే అనే ఓడతో. మద్రాసులో ఎక్కినవాళ్లు సుమారు 15 వేలు. వాళ్లలో తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడేవాళ్లందరినీ అక్కడ "మద్రాసీ" అని ఒకే గాటన కట్టేశారు.

ఫిజీ ప్రత్యేకత ఎమిగ్రేషన్ పాస్. మనిషికో కాగితం. ఓడ పేరు, డిపో (ఓడ ఎక్కించే ముందు కూలీలను ఉంచిన చోటు) నెంబర్, తండ్రి పేరు, దగ్గరి బంధువు పేరు, జిల్లా, ఠాణా, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఏ ఊళ్లో నమోదు చేశారు, అన్నీ అందులోనే. సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దగ్గరి బంధువు అనే గడిని ముందు చూడండి. ఇక్కడ ఉండిపోయిన అన్న పేరో భార్య పేరో అక్కడ దొరకొచ్చు.

ఇంకో మాట. ఫిజీ తెలుగు కుటుంబాల్లో "మా పెద్దల ఓడ రాతికి కొట్టుకుని మునిగింది" అనే కథ వినిపిస్తే కొంచెం ఆగి చూడాలి. నసిలై దిబ్బ మీద సిరియా ఓడ విరిగిపోయింది 1884 మేలో. యాభైమందికి పైగా చనిపోయారు. కానీ అది కలకత్తా ఓడ, మద్రాసు ఓడలు మొదలవడానికి పంతొమ్మిదేళ్ల ముందు. కుటుంబంలోకి వచ్చిన కోడలి వైపు నుంచి ఆ కథ వచ్చి ఉండొచ్చు, కాబట్టి ఆవిడ వైపు కూడా వెతకండి.

పేరు టైప్ చేస్తే ఏమీ రావడం లేదు.

వస్తుంది. మీరు ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతుకుతున్నారు, అంతే తేడా.

చెప్పినవాడికి చదువు లేదు. రాసినవాడు చెవికి వినబడినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాడు. మద్రాసు డిపోలో రాసే గుమాస్తాకు తమిళం అలవాటైతే గంగయ్య కంగయ్య అవుతాడు, దాలయ్య తాలయ్య అవుతాడు. అప్పలస్వామి అపల్‌సామి, లక్ష్మి లచ్చిమి, సింహాచలం సిమాచలం, నారాయణ నారాయుడు. వెంకడిని ఎంగడు అని రాసినా ఆశ్చర్యపోవద్దు. ఒత్తులు, దీర్ఘాలు లెక్కలోకి తీసుకోకండి. పేరులో గట్టిగా వినబడే రెండు మూడు హల్లులు తీసుకుని, మిగతా చోట నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. మొదటి అక్షరం మార్చి మార్చి చూడండి. పేరుతో కుదరకపోతే ఊరు, వయసు, తండ్రి పేరు, వీటిలో రెండింటిని కలిపి వెతకండి.

పేరు దొరికాక ఆ పేరే మీకు ఇంకో సంగతి చెబుతుంది. ఈ భాగం నాకు చాలా ఇష్టం. ఊరు రాయని రిజిస్టర్లలో కూడా పేరునిబట్టి ప్రాంతం ఊహించొచ్చు. అప్పలస్వామి, అప్పన్న, సింహాచలం అంటే సింహాద్రి అప్పన్నకు మొక్కుకునే ఉత్తరాంధ్ర. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. నూకయ్య, నూకాలమ్మ అంటే అనకాపల్లి వైపు. పెంచలయ్య కనబడితే నెల్లూరు జిల్లా పెంచలకోన, మాలకొండయ్య అయితే ప్రకాశం-నెల్లూరు సరిహద్దులోని మాలకొండ. ఇది ఆధారం కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. అయినా డర్బన్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఎవరూ చెప్పని విషయం ఇది. ఇక్కడివాళ్లు ఒక్క చూపులో చెప్పగలరు.

ఇంటిపేరు ఎందుకు లేదు?

రాసే గడి లేదు కాబట్టి. జాబితాలో పేరు, తండ్రి పేరు, కులం, అంతే. తర్వాత అక్కడి చట్టాలకు ఇంటిపేరు అవసరమైనప్పుడు తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. అలా అప్పలస్వామి ఇంటిపేరైంది. నాయుడు నైడూగా మారి, అసలు నాయుళ్లు కాని కుటుంబాలకు కూడా కొన్నిచోట్ల అంటుకుంది. అందుకని దక్షిణాఫ్రికా నైడూగారు "మా ఇంటిపేరు నాయుడు, మా బంధువులు ఎక్కడున్నారు?" అని అడిగితే ఆ ఒక్క మాటతో ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేరు. కుటుంబంలో పెళ్లిళ్లప్పుడు చెప్పుకునే గోత్రం, కులదేవత పేరు ఎవరికైనా గుర్తున్నాయేమో కనుక్కోండి. వాటికి విలువ ఎక్కువ.

ఊరి పేరు, జిల్లా దొరికాయి. కానీ మ్యాప్‌లో కనబడటం లేదు.

రిజిస్టర్‌లో మూడు మెట్లు ఉంటాయి: జిల్లా, ఠాణా, ఊరు. ఊరితో మొదలుపెట్టొద్దు, పైనుంచి దిగండి.

జిల్లాలు అప్పటికీ ఇప్పటికీ పూర్తిగా మారిపోయాయి. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది గంజాం వాళ్లు. రిజిస్టర్‌లో గంజాం అని చూసి నేరుగా ఒడిశా వెళ్లి బరంపురంలో అడుగుతారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ గంజాం జిల్లాలోనే ఉండేవి. కాబట్టి పేర్లు తెలుగులో ఉండి జిల్లా గంజాం అయితే ముందు ఇప్పటి శ్రీకాకుళం జిల్లా చూడండి. అదే పాలకొండ మాత్రం విశాఖపట్నం జిల్లా కింద కనబడుతుంది.

చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటులో ఉంది. జిల్లా ఉత్తర ఆర్కాటు అని ఉంటే తమిళవాళ్లే అనుకోనక్కర్లేదు. 1859 నుంచి 1904 మధ్య గుంటూరుకు విడిగా జిల్లా లేదు, అది కృష్ణా జిల్లా కిందే ఉండేది. ఒంగోలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా. పశ్చిమ గోదావరి, విజయనగరం, ప్రకాశం అనే జిల్లాలు అప్పటికి పుట్టనే లేదు.

తర్వాత ఠాణా, అంటే పోలీస్ స్టేషన్. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ, మసులిపటం అంటే బందరు, బెజవాడ సరే. సర్వసిద్ధి అని కనబడితే కంగారు పడొద్దు, అది పాత తాలూకా పేరు, ఎలమంచిలి చుట్టుపక్కల. ఠాణా తేలితే ఆ చుట్టూ ఇరవై ముప్పై ఊళ్లే ఉంటాయి. వాటి పేర్లు గట్టిగా పైకి చదవండి, రిజిస్టర్‌లోని పేరూ పైకి చదవండి. కంటికి కలవనివి చెవికి కలుస్తాయి. పాలెం, వలస, పేట, వాడ లాంటి తోక కలిసిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి కూడా చూడండి.

"మావాళ్లు విశాఖపట్నంలో ఓడెక్కారు" అంటారు ఇంట్లో. రికార్డులో మద్రాసు ఉంది.

రెండూ నిజమే కావచ్చు. రైలు రాని రోజుల్లో ఉత్తర కోస్తా నుంచి మద్రాసు చేరడానికి తీరం వెంట తిరిగే ఓడ ఒక దారి. ఇంటి జ్ఞాపకంలో నిలిచింది ఊరు విడిచిన ఆ మొదటి ఓడ. మద్రాసు డిపోలో కొన్ని రోజులో వారాలో ఉంచి, డాక్టరు చూసి, కాగితాలు రాసి, అప్పుడు పెద్ద ఓడ ఎక్కించారు. రిజిస్టర్‌లో ఉండేది ఈ రెండోదే.

రికార్డులో ఉన్నదంతా నమ్మొచ్చా?

నెంబర్, ఓడ, దిగిన తేదీ నమ్మండి. వాటిని రాసింది ప్రభుత్వం తన లెక్క కోసం. వయసు దాదాపు ఎప్పుడూ ఉజ్జాయింపే, ఎందుకంటే యువకులే కావాలి కాబట్టి నలభై దాటినవాడు కూడా ముప్పై అన్నాడు. పేరు, కులం, ఊరు ఆ మనిషి నోటితో చెప్పినవి. అప్పులవాళ్లకు దొరకకుండా పోయినవాడు నిజం ఎందుకు చెబుతాడు? అత్తింటి నుంచి పారిపోయిన ఆడమనిషి ఊరి పేరు చెప్పి ఉండదు. ఒక్కోసారి "ఊరు" అని రాసింది అసలు పుట్టిన ఊరు కాదు, ఏజెంటు పట్టుకున్న సంత ఊరు. భార్యాభర్తలుగా నమోదైనవాళ్లు డిపోలో కలిసినవాళ్లూ అయి ఉండొచ్చు. దీన్ని అవమానంగా తీసుకోకండి. ఒంటరి ఆడదానికి ఆ ఓడలో రక్షణ అదొక్కటే.

ఓడ దొరికింది. తర్వాత ఏం చేయాలి?

అసలు పని ఇక్కడే మొదలవుతుందంటాను. చాలామంది ఓడ ఫొటో ఒకటి సంపాదించి, ఫ్రేము కట్టించి ఆపేస్తారు.

మీ ముత్తాత నెంబర్‌కి పైన ఇరవై, కింద ఇరవై నెంబర్లు తీసి చదవండి. ఒకే ఊరినుంచి, ఒకే ఏజెంటు వెంట వచ్చినవాళ్లకు పక్కపక్క నెంబర్లు పడ్డాయి. తమ్ముడు, బావమరిది, పక్కింటివాడు అందులోనే ఉండొచ్చు. మీవాడి ఊరు గడి ఖాళీగా ఉంటే పక్కవాడి ఊరు సమాధానం చెబుతుంది. తర్వాత ఆ ఓడలో అదే ఠాణా నుంచి వచ్చినవాళ్లందరినీ విడిగా రాసుకుని, వాళ్లను ఏ తోటలకు పంపారో చూడండి. ఓడలో కలిసినవాళ్లు ఆ తర్వాత ఒకరినొకరు సొంత బంధువుల్లా చూసుకున్నారు, పిల్లలకు పెళ్లి సంబంధాలూ కలుపుకున్నారు. మీ నాయనమ్మ పుట్టిల్లు ఆ జాబితాలోనే దొరికే అవకాశం తక్కువేం కాదు.

ఓడ ప్రయాణం గురించి తెలుసుకోవాలంటే ఓడలోని డాక్టరు రాసిన నివేదికలు వెతకండి. ఎవరికి జబ్బు చేసింది, ఎంతమంది పోయారు, దారిలో ఎవరు పుట్టారు అనేవి అందులో ఉంటాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ చూడాల్సినవి. ఢిల్లీ ఆర్కైవ్స్‌లోని ఎమిగ్రేషన్ ఫైళ్లలో కొన్ని అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని చదవొచ్చు. ఓడ చేరిన వారం అక్కడి పత్రికల్లో వచ్చిన నౌకాశ్రయం వార్తలు కూడా పనికొస్తాయి. ఫిజీ ఓడల కోసం పాత పత్రికల వెబ్‌సైట్లు, ఆస్ట్రేలియా వాళ్ల ట్రోవ్, న్యూజిలాండ్ వాళ్ల పేపర్స్ పాస్ట్, ఉచితం.

ఓడ ఫొటో దొరికింది. అదే ఓడ అని ఎలా తెలుస్తుంది?

అఫీషియల్ నెంబర్ చూడండి. బ్రిటన్‌లో నమోదైన ప్రతి ఓడకూ ఒకటి ఉంటుంది. ఒకే పేరుతో ఎన్నో ఓడలు తిరిగాయి. కూలీలను తీసుకెళ్లిన నౌర్స్ కంపెనీకే గాంజెస్ (గంగ) పేరుతో తెరచాప ఓడ ఒకటి, 1906లో కట్టిన ఆవిరి ఓడ ఇంకొకటి ఉండేవి. 1908లో వెళ్లిన తాతగారి కథ కింద తెరచాపల ఓడ బొమ్మ పెట్టిన వంశవృక్షాలు ఇంటర్నెట్‌లో బోలెడు. అఫీషియల్ నెంబర్ తెలిస్తే ఆ ఓడ సిబ్బంది జాబితా కూడా దొరకొచ్చు. 1863 తర్వాతి బ్రిటిష్ ఓడల సిబ్బంది జాబితాల్లో అధికభాగం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ యూనివర్సిటీలో ఉంది.

బర్మా వెళ్లినవాళ్ల ఓడ తెలుస్తుందా?

ఏ ఓడ అన్నది సాధారణంగా తెలీదు. ముందే చెప్పడం మంచిది. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో డెక్కు టికెట్ కొనుక్కుని వెళ్లారు. బర్మా అప్పుడు ఇండియాలో భాగం, 1937లో విడిపోయింది. ఒప్పందం లేదు, పాస్ లేదు, నెంబర్ లేదు. ఇప్పుడు మనం రైలెక్కినట్టు ఎక్కారు. పేరుపేరునా జాబితా పెట్టాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

అందుకని వేరే కాగితాలు చూడాలి. రంగూన్‌లో పనిచేసిన రైస్ మిల్లు, రేవు, మునిసిపాలిటీ ఉద్యోగ పత్రాలు, స్కూల్ సర్టిఫికెట్లు, మనియార్డర్ రసీదులు. 1942లో జపాన్ దాడికి భయపడి నడిచి వచ్చినవాళ్ల సంగతి ఇంట్లో పెద్దవాళ్ల నోటనే వినాలి, ఇప్పుడే వినాలి. 1960లలో ఓడల్లో తిరిగొచ్చిన బర్మా కాందిశీకులకు మాత్రం ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కాగితాలు ఉంటాయి. పునరావాసం, ఇళ్ల స్థలాలు వాటి మీదే వచ్చాయి కాబట్టి కుటుంబాలు వాటిని జాగ్రత్తగా దాచాయి. అందులో ఓడ పేరు, తేదీ ఉండే అవకాశం ఉంది. విశాఖపట్నం బర్మా క్యాంప్ లాంటి చోట్ల అడిగి చూడండి.

మలేషియా?

బర్మా లాంటిదే, కొంచెం నయం. తోటల మేస్త్రీలు ఊరికొచ్చి మనుషుల్ని తీసుకెళ్లేవారు. మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్‌కు ఓడలు ఉండేవి. 1926 నుంచి దాదాపు యాభై ఏళ్లు ఆ దారిలో తిరిగిన రజులా ఓడ పేరు మలేషియా తెలుగువాళ్లలో పెద్దవయసు వాళ్లందరికీ తెలుసు. పాత పాస్‌పోర్టు మీద ముద్ర ఉంటే తేదీ తెలుస్తుంది, తేదీతో పత్రికల్లో ఓడ తెలుస్తుంది.

అమెరికా వెళ్లిన తాతగారి ఓడ?

ఇది అన్నిటికంటే తేలిక. విమానాలు రాకముందు వెళ్లిన తెలుగువాళ్లు, 1920లలో బోస్టన్‌లో దిగిన యల్లాప్రగడ సుబ్బారావుగారిలా, చదువుకోసం వెళ్లిన కొద్దిమంది. న్యూయార్క్, బోస్టన్ రేవుల ప్రయాణికుల జాబితాలు పేరుతో వెతకొచ్చు. స్వదేశంలో దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా అందులో ఉంటాయి.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే?

ఓడ చెప్పదు. దూరపు బంధువులు దొరకొచ్చు. కానీ మన ఊళ్లలో ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు బాగా తక్కువ కాబట్టి, డర్బన్ వాళ్లకు ఎక్కువగా డర్బన్ వాళ్లే తగులుతారు. ముందు కాగితాల పని పూర్తి చేయండి.

ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చేది) ఈ రికార్డు పనికొస్తుందా?

పూర్వీకుడు భారతదేశం నుంచి వచ్చాడని చూపడానికి రిజిస్టర్ నకలు ముఖ్యమైన కాగితమే. అయితే ఆయన నుంచి మీదాకా ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి కాగితాలు వరుసగా ఉండాలి. ఆగిపోయేది అక్కడే. మామూలుగా ముత్తాత తరం దాకానే అర్హత. మారిషస్ భారత సంతతికి ఏడో తరం దాకా ఇస్తామని 2024 మార్చిలో ప్రకటించారు. దరఖాస్తుకు ముందు మీ దేశంలోని భారత హైకమిషన్ వెబ్‌సైట్‌లో తాజా నియమాలు చదువుకోండి.

ఊరు దొరికింది. అక్కడికి వెళ్లి ఎలా అడగాలి?

ముందు ఫోన్లోనో, తెలిసినవాళ్ల ద్వారానో కబురు పెట్టండి. ఒక్కసారిగా కారు దిగి "మా ముత్తాత ఈ ఊరివాడు" అంటే ఎదుటివాళ్లకు వచ్చే మొదటి టెన్షన్ ఒక్కటే: భూమిలో వాటా కోసం వచ్చారేమో. మనసులో మాట పైకి అనరు గానీ "మాకేం తెలీదండీ" అని తలుపేస్తారు. కాబట్టి ఆస్తి అక్కర్లేదని మొదటి వాక్యంలోనే చెప్పేయండి.

రిజిస్టర్ వరుసను తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి తీసుకెళ్లండి. ఇంగ్లిష్ కాగితం చూపిస్తే కోర్టు నోటీసు అనుకుంటారు. కులం అందులో రాసి ఉంటుంది కాబట్టి ఏ వీధిలో అడగాలో ఊరివాళ్లే చెబుతారు. మీరు నలుగురిలో పైకి చదవకుండా ఆ కాగితాన్ని పెద్దాయన ఒకరి చేతికివ్వడం మర్యాద. "మీ ఇంట్లో ఎవరైనా ఓడెక్కి పోయి తిరిగి రానివాళ్లు ఉన్నారా బాబాయ్?" అని అడగండి. సంవత్సరం అడిగితే చెప్పలేరు, "మీ తాతగారి నాన్నకు అన్నదమ్ములెంతమంది?" అంటే చెబుతారు. ఆడవాళ్లను అడగడం మర్చిపోవద్దు. పెళ్లిళ్లకు పేరంటాలకు పిలుపుల లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది, వెళ్లిపోయినవాడి వాటా బియ్యం పెద్దల పండక్కి ఎవరు పెడుతున్నారో కూడా వాళ్లకే తెలుసు. మాట్లాడినవాళ్ల పేరు, ఇంటిపేరు, వాళ్లు చెప్పిన వరుస అక్కడే రాసుకుని, వాళ్లకు చదివి వినిపించి, ఒక కాపీ వాళ్లకివ్వండి.